పిండిని పీచుగా మార్చిన మర

సోయా గింజ బరువులో దాదాపు అయిదో వంతు నూనె. దాన్ని తీసేశాక మిగిలిన చెక్కను పిండి చేస్తే అందులో సగం మాంసకృత్తులే. అయినా అంత బలమైన పిండి మన నోటికి ఎక్కదు. నీళ్లు కలిపితే జిగురు, ఉడికిస్తే పచ్చివాసన, పంటికి అందేది ఏమీ ఉండదు. ప్రపంచంలో పండే సోయాలో నాలుగింట మూడు వంతులు కోళ్లకూ పందులకూ పశువులకూ దాణాగానే పోతోంది. ఆ పిండికి నమలదగ్గ పీచును ఇచ్చిన యంత్రం ఎక్స్‌ట్రూడర్. మన వంటింట్లోకి మీల్ మేకర్ వచ్చింది దాని పుణ్యానే.

ఈ యంత్రం నూనెగింజల దగ్గరా పశువుల దాణా దగ్గరా పెరిగింది. 1900లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో వెలేరియస్ ఆండర్సన్ నూనెగింజలను తిరిగే స్క్రూతో పిండే మరకు పేటెంట్ పొందాడు. 1930లలో విస్కాన్సిన్‌లోని బెలాయిట్ పట్టణంలో దాణా మర ఒకటుండేది. అది మూసుకుపోకుండా పనివాళ్లు అందులో తడిపిన మొక్కజొన్న పోసేవారు. వేడెక్కిన మరలోంచి ఆ మొక్కజొన్న ఉబ్బి, పొంగి బయటికొచ్చింది. వాళ్లలో ఒకరు దాన్ని ఇంటికి తీసుకెళ్లి వేయించి ఉప్పు చల్లారు. ఇవాళ పిల్లలు ప్యాకెట్లు చింపుకుని తినే మొక్కజొన్న పఫ్‌లు అలా పుట్టాయి. 1950లలో కుక్కల ఆహారం కూడా ఇదే పద్ధతిలో తయారవడం మొదలైంది.

మాంసం లాంటి పీచు కోసం మాత్రం మొదట వేరే దారి తొక్కారు. హెన్రీ ఫోర్డ్ దగ్గర పనిచేసిన రాబర్ట్ బోయర్ 1930లలో సోయా ప్రొటీన్‌తో దారం తీసి బట్ట నేయాలని చూశాడు. ప్రొటీన్‌ను క్షారంలో కరిగించి, సన్నటి రంధ్రాల గుండా ఆమ్లంలోకి వదిలితే దారాలు వచ్చేవి. వాటిని కట్టడానికి బదులు తినొచ్చు కదా అన్న ఆలోచన తర్వాత వచ్చింది. 1954లో ఆయనకు దాని మీద పేటెంట్ దక్కింది. ఒహాయోలోని వర్తింగ్టన్ ఫుడ్స్ సంస్థ ఈ పద్ధతిని వాడుకుంది. దాని వెనక ఉన్నది సెవెంత్ డే అడ్వెంటిస్టులు. అమెరికాలో మాంసం మానమని తరతరాలుగా బోధిస్తూ వచ్చిన క్రైస్తవ శాఖ అది. మాంసానికి బదులు ఆహారాన్ని తొలినాళ్ల నుంచీ నమ్మకంగా కొన్నది ప్రధానంగా వాళ్లే. కానీ దారం తీయడం ఖర్చుతో కూడిన పని. పేదవాడి పళ్లెం దాకా అది రాలేదు.

చవక దారి కనిపెట్టినవాడు విలియం అట్కిన్సన్. ఆర్చర్ డేనియల్స్ మిడ్‌లాండ్ కంపెనీ తరఫున ఆయన చేసిన పనికి 1970 జనవరిలో పేటెంట్ మంజూరైంది. దారాలు ఒక్కొక్కటిగా తీయనక్కర్లేదు, పిండినే మరలోకి తోసేయవచ్చు.

ఎక్స్‌ట్రూడర్‌ను ఒక పెద్ద జంతికల గొట్టం అనుకోండి. పైనుంచి నొక్కే చెయ్యికి బదులు లోపల స్క్రూ తిరుగుతుంది, గొట్టం చుట్టూ వేడి ఉంటుంది. పిండికి నీళ్లూ ఆవిరీ కలిపి లోపలికి వదులుతారు. స్క్రూ దాన్ని నలుపుతూ, గోడకు రాస్తూ ముందుకు తోస్తుంది. పోనుపోను జాగా ఇరుకై ఒత్తిడి పెరుగుతుంది. వేడి 140 నుంచి 180 డిగ్రీల సెల్సియస్ దాకా చేరుతుంది. అంత వేడిలోనూ నీరు ఆవిరైపోదు, ఒత్తిడి దాన్ని ద్రవంగానే పట్టి ఉంచుతుంది. మామూలుగా చుట్టుకుని ఉండే ప్రొటీన్ అణువులు ఆ వేడికీ రాపిడికీ విప్పుకుంటాయి. ముద్ద పారే దిక్కుకే సాగి, పక్కపక్కన చేరి, ఒకదానితో ఒకటి కొత్తగా బంధం వేసుకుంటాయి. చివరన డై అనే చిన్న రంధ్రం. దాన్ని దాటగానే ఒత్తిడి తొలగి, నీటిలో కొంత ఒక్క ఉదుటున ఆవిరై ముద్దను లోపలి నుంచి పొంగిస్తుంది. అక్కడే తిరుగుతున్న కత్తి దాన్ని ముక్కలు చేస్తుంది. ఆరబెట్టిన ముక్క లోపల పొరలు పొరలుగా గుల్ల. సోయాలో ప్రొటీన్ అరగకుండా అడ్డుపడే ట్రిప్సిన్ నిరోధకాలు కూడా ఆ వేడికి చాలావరకు నశిస్తాయి. ఇదంతా ఒకటి రెండు నిమిషాల్లో జరిగిపోవడం నాకు ఇప్పటికీ అబ్బురమే.

1971లో అమెరికా ప్రభుత్వం బడి భోజనాల్లో ఖీమాకు 30 శాతం దాకా నానిన సోయా కలపడానికి అనుమతించింది. 1973లో గొడ్డుమాంసం ధరలు మండిపోయి గృహిణులు కొనడం మానేసినప్పుడు దుకాణాలు కూడా సోయా కలిపిన ఖీమా అమ్మాయి. ధరలు దిగాక జనం మళ్లీ మాంసానికే వెళ్లిపోయారు.

మన దేశంలో కథ వేరు. 1960లలో పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంతో కలిసి పసుపు సోయాను పరీక్షించింది. అప్పట్లో వానాకాలంలో బీడుగా వదిలేసే మధ్యప్రదేశ్ నల్లరేగడి నేలల్లో ఆ పంట నిలదొక్కుకుంది. నూనె మిల్లులు వచ్చాయి, వాటి వెంట చెక్క, చెక్క వెంట మీల్ మేకర్. పుట్టుకతో శాకాహారులైన ఇళ్లలో, కార్తీక మాసంలో నీచు ముట్టని ఇళ్లలో, హాస్టల్ మెస్సుల్లో, పెళ్లి భోజనాల్లో అది కుర్మా అయింది, పలావు అయింది, సాయంత్రం బండి మీద మంచూరియా అయింది. నోట్లో మాంసంలా తగులుతుందని దాన్ని దూరం పెట్టే పెద్దవాళ్లూ ఉన్నారు. ఇష్టంగా తినేవాళ్లు మాత్రం అది కోడికూరలా ఉందా లేదా అని చూడరు. మసాలా పట్టిందా లేదా అనే చూస్తారు.

వేడి ఉప్పునీళ్లలో నానబెట్టి, గట్టిగా పిండి, మళ్లీ కడిగి పిండడం మన ఆడవాళ్లు అలవాటుగా చేసే పని. అందులో చాలా తెలివి ఉంది. సోయాలోని రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలను మన పేగులు అరిగించలేవు. పెద్దపేగులో బాక్టీరియా వాటిని పులియబెట్టి గ్యాస్ చేస్తుంది. ఆ చక్కెరలు నీటిలో కరుగుతాయి కాబట్టి పారబోసిన నీళ్లతో కొంత పోతాయి, వాసనా తగ్గుతుంది. ఖాళీ అయిన గుల్లలోకి పులుసు చేరుతుంది.

ఎక్స్‌ట్రూడర్‌కు తర్వాత ఇంకో రూపం వచ్చింది. రెండు స్క్రూలు, సగానికి మించిన నీరు, చివర చల్లబరిచే పొడవాటి డై. చల్లబడుతూ రావడం వల్ల ముద్ద పొంగదు, కోడి రొమ్ము మాంసంలా పీచుపీచుగా విడిపోతుంది. మిస్సోరి విశ్వవిద్యాలయంలో ఫు-హుంగ్ షే, హెరాల్డ్ హఫ్ దీని మీద ఏళ్లపాటు పనిచేశారు. ఆ పరిజ్ఞానంతోనే బియాండ్ మీట్ సంస్థ 2012లో కోడి లేని కోడి ముక్కలను అమ్మింది. 2019 మేలో 25 డాలర్లకు ఇచ్చిన దాని షేరు మొదటి రోజే 65 డాలర్లు దాటింది. కొన్నేళ్లలో అమ్మకాలు తగ్గాయి, షేరు ఆ తొలి ధరకు ఎంతో కిందికి పడింది. మాంసం తినేవాడి నాలుకను మరిపించాలని బయలుదేరితే ప్రతి ముద్దకూ పోలిక తప్పదు, మాంసం కంటే ఎక్కువ ధర పెట్టి ఆ పోలికలో గెలవడం కష్టం. మన ఇళ్లలో ఆ పోటీయే లేదు. పైగా 100 గ్రాముల ఎండు మీల్ మేకర్‌లో 50 గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది, కందిపప్పులో 22 వరకు. మాంసం, పాలు, గుడ్లు అన్నీ మానేసినవాళ్లు బి12 విటమిన్ మాత్రం వేరే చూసుకోవాలి, సోయాలో అది లేదు.

ఆదిలాబాద్, నిర్మల్, కామారెడ్డి, నిజామాబాద్ రైతులు సోయా పండిస్తున్నారు. మన కోళ్ల ఫారాల దాణాలో మొక్కజొన్న తర్వాతి చోటు సోయా చెక్కదే. ఆ చెక్కను నేరుగా ఎక్స్‌ట్రూడర్‌లో పోస్తే మాత్రం మంచి పీచు రాదు. నూనె తీయడానికి వాడిన హెక్సేన్ అనే ద్రావకాన్ని పోగొట్టేటప్పుడు దాణా చెక్కను గట్టిగా వేడి చేస్తారు, ప్రొటీన్ అక్కడే బిగుసుకుపోతుంది. మనుషులు తినే పిండికి తక్కువ వేడితో ద్రావకం తీసే పరికరం కావాలి, పొట్టు పూర్తిగా పోవాలి, శుభ్రత వేరే స్థాయిలో ఉండాలి. అలాంటి ప్లాంట్లు ఆ జిల్లాల మార్కెట్ యార్డుల పక్కనే రావాలని నా కోరిక.