మోటారు లాగేది మంచినీళ్లనేనా?

వానలు మొదలయ్యాయంటే ఓపీలో వాంతులు, విరేచనాలు, టైఫాయిడ్, కామెర్ల కేసులు పెరుగుతాయి. ‘బయట ఏమీ తినలేదండీ’ అంటారు చాలామంది. అది నిజమే కావచ్చు. అలాంటప్పుడు ఇంటికొచ్చే నీళ్లలో మురుగు కలిసిందేమో చూడాలి.

2018 మార్చిలో గుంటూరు నగరంలో డయేరియా ప్రబలి పదిమందికి పైగా చనిపోయారు. తాగునీటి పైపుల్లోకి మురుగు చేరడమే అందుకు కారణమైంది.

మురుగు ఎటు పోతోంది?

శుద్ధి కేంద్రానికి చేరిన మురుగులో చెత్తను జాలీలు ఆపుతాయి. ఇసుక అడుక్కి దిగుతుంది. తర్వాత పెద్ద తొట్లలో గాలి ఊదితే, మేలు చేసే బ్యాక్టీరియా పెరిగి మలినాలను తినేస్తుంది. తేరిన నీటికి క్లోరిన్ కలిపి వదులుతారు. విశాఖలో నరవ, అప్పుఘర్ వద్ద ఇలాంటి కేంద్రాలున్నాయి. ఈ నీరు పరిశ్రమలకు, మొక్కలకు పనికొస్తుంది కానీ తాగడానికి కాదు.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021 నివేదిక ప్రకారం దేశంలోని పట్టణాల్లో రోజుకు సుమారు 7,236 కోట్ల లీటర్ల మురుగు వస్తుంటే, శుద్ధి అవుతున్నది 2,023 కోట్ల లీటర్లే. మిగిలినది కాలువలకు, చెరువులకు, నదులకు చేరుతోంది.

చోడవరం లాంటి ఊళ్లలో ఇంటి సెప్టిక్ ట్యాంకే శుద్ధి కేంద్రం. అది నిండినా పట్టించుకోకపోయినా, దాని గొట్టాన్ని నేరుగా వీధి కాలువలోకి వదిలినా మలం వీధిలోకి వచ్చినట్టే.

కుళాయిలోకి ఎలా వస్తుంది?

మన ఊళ్లలో నీళ్లు రోజంతా రావు. సరఫరా ఉన్నంతసేపు పైపులో ఒత్తిడి ఉంటుంది కాబట్టి చిల్లు ఉంటే నీళ్లు బయటికి కారతాయి. సరఫరా ఆగాక ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు ఆ పైపు కాలువ పక్కనో, కాలువలోంచో వెళ్తుంటే అదే చిల్లులోంచి మురుగు లోపలికి వస్తుంది. కుళాయికి నేరుగా మోటారు బిగిస్తే ఈ ముప్పు ఇంకా ఎక్కువ. మోటారు నీళ్లతో పాటు మురుగునూ లాగుతుంది. అది మన ఇంటికే కాదు, అదే లైనుపై ఉన్న పక్కింటి పసిబిడ్డకూ చేరుతుంది.

‘మా ఇంట్లో ఆర్‌వో ఉంది’ అని ధీమా వద్దు. పళ్లు తోముకునేది, కూరగాయలు, గిన్నెలు కడిగేది చాలా ఇళ్లలో కుళాయి నీళ్లతోనే కదా!

ఇలా చేయండి

* కుళాయికి నేరుగా మోటారు పెట్టొద్దు. నీళ్లను సంపులోకి పట్టుకుని, అక్కడి నుంచి పైకి ఎక్కించండి.
* మీ పైపు కాలువలోంచి వెళ్తుంటే మార్పించండి.
* సెప్టిక్ ట్యాంకును రెండు మూడేళ్లకోసారి ఖాళీ చేయించండి. మనుషులను లోపలికి దింపొద్దు, విషవాయువులు ప్రాణాలు తీస్తాయి. యంత్రమున్న బండినే పిలవండి.
* ఇంకుడు గుంతకు, తాగునీటి బావికి మధ్య కనీసం 60 అడుగుల దూరం ఉండాలి.
* నీళ్లు రంగు మారినా, వాసన వచ్చినా వాడకం ఆపి పంచాయతీకి లేదా మున్సిపాలిటీకి చెప్పండి. తేటగా ఉన్నంత మాత్రాన క్రిములు లేవనుకోవద్దు. అనుమానముంటే నీళ్లు తెర్లేలా మరిగించి తాగండి.

విరేచనాలు మొదలైతే

ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్‌ను మొత్తం ఒక లీటరు నీటిలో కలిపి కొద్దికొద్దిగా తాగించండి. పసిపిల్లలకు తల్లిపాలు ఆపొద్దు. మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ వేయొద్దు. మూత్రం తగ్గినా, కళ్లు గుంటలు పడినా, మలంలో రక్తం కనిపించినా, మగతగా ఉన్నా, తాగింది తాగినట్టే కక్కేస్తున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. ఒకే వీధిలో రెండు మూడు ఇళ్లలో విరేచనాలు కనిపిస్తే ఆశా కార్యకర్తకో, ఏఎన్‌ఎంకో అదే రోజు చెప్పండి. పైపులో లోపం ఎంత త్వరగా దొరికితే అంతమంది జబ్బు పడకుండా తప్పించుకుంటారు.