దాచుకున్న వరం

భారతంలో కర్ణునికి ఇంద్రుడిచ్చిన శక్తి కథ ఎరుగని తెలుగు విద్యార్థి ఉండడు. పుట్టుకతో వచ్చిన కవచకుండలాలను ఒలిచి ఇచ్చి కర్ణుడు సంపాదించుకున్న ఆయుధమది. ఒక్కసారికే పనికివస్తుంది. దానిని అతడు అర్జునుని కొరకు పదిలపరచుకున్నాడు. పదునాలుగవ నాటి రాత్రి యుద్ధంలో ఘటోత్కచుడు కౌరవసేనను చిందరవందర చేస్తుండగా, తనవారి ఆక్రందన వినలేక దానిని ఆ వీరునిపై విడిచాడు. అర్జునుడు బ్రతికిపోయాడు. కర్ణుడు చేసినది ఒప్పా, తప్పా అని ప్రతి సంవత్సరమూ తరగతిలో అడగడం నాకు అలవాటు.

ఈ సంవత్సరం ఒక విద్యార్థి ఇచ్చిన సమాధానం నన్ను ఆలోచనలో పడవేసింది. "కర్ణుడు చివరికైనా వాడాడు మాస్టారూ. నేను ఆట పూర్తయ్యేదాకా దాచిపెట్టి, ఒక్కటీ వాడలేదండీ" అన్నాడు. తరగతి అంతా నవ్వింది. సాయంకాలం అతణ్ణి కూర్చోబెట్టుకొని ఆ ఆట సంగతి చెప్పించుకున్నాను. ఆ పిమ్మట సెలవులలో నేనూ కొంత ఆడి చూశాను. నవ్వవలసిన విషయం కాదని అప్పుడు తెలిసింది.

వీటిని రోల్ ప్లేయింగ్ గేములంటారు. ఆటగాడు ఒక వీరుని పాత్ర ధరించి, కొందరు సహచరులను వెంటబెట్టుకొని కథలో ముందుకు సాగుతాడు. గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే అమెరికన్లు 1974లో ప్రకటించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఈ జాతికి మూలపురుషుడు. అది కాగితమూ, పెన్సిలూ, పాచికలతో ఆడేది. కంప్యూటరు ఆటలు దాని వెనుక వచ్చాయి. బలం, వేగం, తెలివి మొదలైన గుణాలకు ప్రతి పాత్రకూ అంకెలుంటాయి. అనుభవంతో అవి మెల్లమెల్లగా పెరుగుతాయి. ఇవికాక, ఎక్కడో ఒక పెట్టెలోనో, గుహలోనో బహు అరుదుగా ఒక వస్తువు దొరుకుతుంది. దానిని ఎవరికిస్తే వారి గుణం ఒకటి శాశ్వతంగా పెరుగుతుంది. జపాను వారి 'డ్రాగన్ క్వెస్ట్'లో అది ఒక గింజ. 1998 నాటి 'బాల్డర్స్ గేట్'లో అది ఒక గ్రంథం. చదివినవాని గుణం ఒక అంకె పెరుగుతుంది, గ్రంథం మాయమవుతుంది. ఒకరికిచ్చిన దానిని మరల తీసుకొని ఇంకొకరికి ఇవ్వడానికి వీలులేదు. చిక్కంతా అక్కడే ఉన్నది.

మా విద్యార్థి వలెనే చాలామంది ఆ వస్తువులను సంచిలో దాచుకుంటారట. ఇంతకంటె తగినవాడు ముందు దొరకకపోతాడా అని ఆశ. చివరికి ఆట ముగుస్తుంది. గింజలు సంచిలోనే ఉంటాయి. దీనికి కారణం లోభం కాదనుకుంటాను. తప్పుచోట వాడితే ఆ తప్పు కంటికి కనిపించి బాధిస్తుంది. వాడకుండా ఉంచితే కలిగే నష్టం ఎవరికీ కనిపించదు. కనిపించని నష్టానికి మనిషి భయపడడు.

కాని ఇక్కడ కర్ణుని శక్తికీ, ఈ గింజకూ గల భేదం గమనించాలి. శక్తి ఒక్క దెబ్బతో సరి. తగిన సమయం కొరకు దానిని ఆపి ఉంచడంలో అర్థమున్నది. గింజ అటువంటిది కాదు. అది ఇచ్చిన నాటినుంచి ప్రతి పోరులోనూ పనిచేస్తుంది. పెరటిలో నాటవలసిన మామిడిమొక్కను మంచిరోజు కొరకు గోడవార నిలబెట్టినట్లు, దాచిన ప్రతి దినమూ దాని ఫలంలో కొంత పోతూనే ఉంటుంది. కనుక తొందరగా వాడడమే మేలు. అయితే ఎవరికి?

అందరికీ సమానంగా పంచవచ్చునని ధర్మబుద్ధి గలవారికి తోస్తుంది. లెక్క మాత్రం వేరుగా చెబుతుంది. 'ఫైర్ ఎంబ్లెమ్' అనే వరుసలో 2003లో వెలువడిన ఆటను తీసుకుందాం. అందులో పడిపోయిన యోధుడు మరల యుద్ధానికి రాడు. శత్రువు దాడిలోనుంచి మనవాని రక్షణను తీసివేయగా మిగిలినదే దెబ్బ. శత్రువు దాడి 20 అనుకోండి. మన యోధులిద్దరికీ ప్రాణబలం 20. ఒకని రక్షణ 16, రెండవవానిది 6. మొదటివానికి దెబ్బకు 4 పోతుంది. అయిదు దెబ్బలకు పడతాడు. రెండవవానికి 14 పోతుంది. రెండు దెబ్బలకే పడతాడు.

ఇప్పుడు రక్షణను 2 అంకెలు పెంచే వస్తువు దొరికింది. బలవంతునికిస్తే దెబ్బ 4 నుంచి 2కు దిగుతుంది. అతడు పది దెబ్బలకు గాని పడడు. బలహీనునికిస్తే 14 నుంచి 12కు దిగుతుంది. అతడు అప్పుడూ రెండవ దెబ్బకే పడతాడు. ఒకే వరం ఒకరి ఆయుష్షును రెండింతలు చేసింది, మరొకరికి ఏమీ చేయలేదు.

ఇంతమాత్రాన వరాలన్నీ బలవంతులకే అని తీర్మానించరాదు. ఆ ఆటలో వేగం నాలుగంకెలు ఎక్కువ ఉన్నవాడు ఒకే పోరులో రెండుసార్లు కొట్టగలడు. శత్రువు వేగం 12, మన బలహీనునిది 8 అనుకుందాం. రెండు దెబ్బలు తిని అతడు అక్కడికక్కడే కూలిపోతాడు. వేగాన్ని 2 అంకెలు పెంచే వస్తువు అతనికిచ్చి చూడండి. భేదం రెండంకెలకు తగ్గుతుంది. శత్రువుకు రెండవ దెబ్బ వేసే అవకాశం లేదు. 14 పోగా 6 మిగిలి అతడు నిలబడతాడు. బలహీనునికి ఏమీ చేయలేకపోయిన రెండంకెలే, గుణం మారగానే ప్రాణం నిలిపాయి. కాబట్టి అడగవలసినది బలవంతునికా, బలహీనునికా అని కాదు. ఈ కొంచెం ఎవరిని ఏ గడప దాటిస్తుంది అని.

మరొక ప్రశ్న కూడా ఉన్నది. ఇచ్చిన వరం మనతో నిలుస్తుందా? 'బాల్డర్స్ గేట్'లో నాయకుడు చదివిన గ్రంథాల ఫలం 2000లో వచ్చిన రెండవ భాగానికి కూడా అతని వెంట వస్తుంది. సహచరులు చదివినది రాదు. అదే సంవత్సరం జపానులో వెలువడిన ఏడవ 'డ్రాగన్ క్వెస్ట్'లో కీఫర్ అనే రాకుమారుడు మొదటినుంచీ నాయకుని వెంట ఉంటాడు. స్నేహితుడు గదా అని ఎందరో అతనికి గింజలు తినిపించారు. నడిమి కథలో అతడు వేరొక కాలంలో ఉండిపోతానని సెలవు తీసుకుంటాడు. గింజల బలం అతనితోనే పోతుంది. జపాను ఆటగాళ్లు అతనికి 'విత్తనాల దొంగ' అని పేరు పెట్టారు.

ఈ లెక్కలు చూస్తున్నంతసేపూ నాకు నా సంచి గుర్తుకువచ్చింది. అధ్యాపకుని వద్ద కూడా అరుదైన వస్తువు ఒకటున్నది. తరగతి ముగిసిన తరువాత మిగిలే ఒక గంట. అది అందరికీ చాలదు. చాలా ఏండ్లు దానిని నేను తొంబది మార్కుల వారికే ఇచ్చాను. వారికది ఆనందం, నాకు పేరు. ముప్పదిమూడు వద్ద ఆగిపోయినవాడు వెనుక బల్లమీదనుంచి చూస్తూ ఉండేవాడు. గడప ముప్పదియైదు. ఆ రెండంకెలు దాటక చదువు మానినవారి ముఖాలు కొన్ని నాకింకా గుర్తున్నాయి. కొన్ని సంవత్సరాలు ఆ గంట ఎవరికీ ఇవ్వక, తీరిక దొరికినప్పుడు చూద్దామని దాచుకున్నది కూడా నిజమే.

ఆటగాడు దాచిపెట్టిన పాత ఘట్టానికి వెనుకకు పోయి మరల మొదలుపెట్టగలడు. మనకా వీలు లేదు. కాని ఒక్క విషయంలో మన పని ఆటకంటె తేలిక. ఆటలో వెళ్లిపోయేవానికి ఇచ్చినది నష్టం. బడిలో వెళ్లిపోనివాడెవడు? ప్రతి విద్యార్థీ కీఫరే. మన గింజలు తిని ఏదో ఒకనాడు సెలవు తీసుకొని, మనం చూడని కాలంలో నిలబడతాడు. అందుకే గదా మనం ఇచ్చేది.

ఆ విద్యార్థి ఇప్పుడు ఆటను మొదటినుంచి మరల ఆడుతున్నాడట. దొరికిన గింజను దొరికిన పూటే ఇచ్చివేస్తున్నానని మొన్న చెప్పాడు. నేను కూడా సాయంకాలపు గంటకు వెనుక బల్లనుంచి పిలవడం మొదలుపెట్టాను.