వాసన వస్తోందంటే యూరియా పోతోంది

2025 వానాకాలంలో యూరియా కోసం మానుకోట జిల్లాలో రైతులు తెల్లారకముందే లైన్లు కట్టిన ఫొటోలు మనమంతా చూశాం. కొన్ని చోట్ల లైన్లో మనుషులకు బదులు చెప్పులు, పాసుబుక్కులు. ఆ రైతుల్లో చాలామంది ఇంటి వెనకాలో, చేను గట్టు మీదో ఒక పెంటకుప్ప ఉంటుంది. దాని పక్క నుంచి పోతే ముక్కు మూసుకుంటాం. ఆ ఘాటు అమ్మోనియాది. రామగుండం ఫ్యాక్టరీలో సహజవాయువు నుంచి మొదట తయారుచేసేదీ అమ్మోనియానే, ఆ తర్వాతే దాన్ని యూరియాగా మారుస్తారు. దేనికోసం లైన్లో నిలబడ్డామో అదే ఇంటి వెనక ఊరికే గాలిలో కలిసిపోతోందన్నమాట.

కాబట్టి వాసన తక్కువ ఎరువు అంటే ముక్కుకు సుఖం కోసం అనుకోవద్దు. అది నత్రజని లెక్క.

యూరియా బస్తా 45 కిలోలు, అందులో నత్రజని 46 శాతం, అంటే దాదాపు 21 కిలోలు. మామూలు పశువుల ఎరువులో నత్రజని అర శాతం. ఒక ట్రాక్టర్ ట్రిప్పుకు రెండు టన్నులు అనుకుంటే 10 కిలోలు, అంటే అర బస్తా. కానీ ఎండకూ వానకూ నెలల తరబడి ఆరుబయట పడి ఉన్న కుప్ప తన నత్రజనిలో మూడో వంతు నుంచి సగం దాకా పోగొట్టుకోగలదు. మనం చేనుకు తోలేది మిగిలింది మాత్రమే. ఆ మిగిలింది కూడా మొదటి పంటకే మొత్తం అందదు, నిదానంగా రెండు మూడేళ్లు పనిచేస్తుంది. పెంట తోలితే యూరియా అక్కర్లేదని నేను అనడం లేదు. పోతున్నదాన్ని ఆపితే ఎన్ని బస్తాలు తగ్గుతాయో చూద్దాం అంటున్నా.

అసలు ఎక్కడ పోతోంది? పెండ ఒక్కటే అయితే అంత ఘాటు రాదు. పశువు వదిలే నత్రజనిలో పెద్ద భాగం మూత్రంలో ఉంటుంది, అదీ యూరియా రూపంలోనే. బస్తాలో ఉన్న అణువే అది. పెండలోని సూక్ష్మజీవుల దగ్గర యూరియేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. ఈ రెండూ కలిస్తే ఒకటి రెండు రోజుల్లో యూరియా విరిగి అమ్మోనియా అయిపోతుంది. కొట్టంలో బర్రె కింద మడుగు కట్టేచోట జరిగేది ఇదే. పశువుల కింద వరిగడ్డి పరిచి, తడిసిన గడ్డిని తెల్లారి తీసి కుప్పలో వేసే పాత అలవాటు శుభ్రత కోసమే అనుకునేవాణ్ణి. ఆ గడ్డి మూత్రాన్ని పీల్చుకుంటుంది, దానికి తోడు కుప్పకు కర్బనాన్ని ఇస్తుంది. ఆ రెండోదే అసలు విషయం.

బ్యాక్టీరియా ఒళ్లు కట్టుకోవడానికి ఒక వంతు నత్రజనికి పాతిక నుంచి ముప్పై వంతుల కర్బనం కావాలి. కర్బనం తక్కువైతే మిగిలిపోయిన నత్రజనిని అవి దాచుకోలేవు, అమ్మోనియాగా వదిలేస్తాయి. కోళ్ల ఫారం పక్కన కళ్లు మండేది అందుకే. కోడి పెంటలో ఈ నిష్పత్తి ఎనిమిది, పది దగ్గరే ఉంటుంది. వరిగడ్డిలో అరవై దాటుతుంది.

మనం ఇంజనీరింగ్ వాళ్లం కదా, ఒకసారి లెక్క వేద్దాం. 100 కిలోల తడి కోడి పెంటలో 75 కిలోలు నీళ్లే అనుకుందాం, పొడి పదార్థం 25 కిలోలు. అందులో కర్బనం 35 శాతం, నత్రజని 4.5 శాతం. పొడి గడ్డిలో కర్బనం 40 శాతం, నత్రజని 0.6 శాతం. నిష్పత్తి పాతికకు దగ్గరగా రావాలంటే పొడి బరువులో పెంటకు మూడింతలు గడ్డి కలపాలి. అంటే తేమతో కలిపి 83 కిలోల గడ్డి. ఇప్పుడు మొత్తంలో తేమ 45 శాతమే అవుతుంది. కుప్ప బాగా మాగాలంటే 55 శాతమైనా ఉండాలి, కాబట్టి ఇంకో 40 లీటర్ల నీళ్లు చల్లాలి. పెంటతో దాదాపు సమానమైన బరువు గడ్డి! నాకు ఈ లెక్క వచ్చినప్పుడు తప్పు చేశానేమో అని మళ్లీ వేశాను.

అంత గడ్డి ఎక్కడిది అని అడగొచ్చు. హార్వెస్టర్ కోసిన మడిలో చెల్లాచెదురుగా పడి ఉంటుంది, చాలా చోట్ల దానికి అగ్గిపెడతారు. ఒక చేలో కర్బనం పొగైపోతుంటే, అదే ఊళ్లో ఇంకో చోట నత్రజని వాసనై పోతోంది. మానుకోట వైపు మిరప కట్టె, భూపాలపల్లి వైపు పత్తి కట్టె ఉన్నాయి. పత్తి కట్టెను చేలో అలాగే వదిలేస్తే గులాబీ రంగు పురుగు తర్వాతి పంట దాకా బతికి ఉంటుంది, ఎలాగూ తీసెయ్యాల్సిందే. కాకపోతే కట్టెను ముక్కలు చెయ్యకుండా కుప్పలో వేస్తే ఏడాదైనా అలాగే ఉంటుంది. చిన్న రైతుకు ముక్కలు కొట్టే మెషిన్ దొరకడమే ఇక్కడ అసలు అడ్డంకి. మెకానికల్ మిత్రులు వింటున్నారా?

వాసనలన్నీ ఒకటి కావు. ముక్కు మీటర్ లాంటిదే. నషాళానికి ఎక్కే ఘాటు ఉంటే కర్బనం తక్కువ, గడ్డి కలపాలి. కుళ్లిన గుడ్డు వాసనో, పులిసిన వాసనో వస్తే లోపల గాలి ఆడడం లేదు, నీళ్లు ఎక్కువయ్యాయి. హాస్టల్ మెస్ వెనక డ్రమ్ముల్లో మిగిలిన అన్నం, సాంబారు రెండో రోజుకు కొట్టే కంపు ఈ రెండో రకం. దానికి పొడి ఆకులు కలిపి తిరగెయ్యాలి. గాలి, తేమ, కర్బనం కుదిరితే కుప్ప తనంతట తానే వేడెక్కుతుంది. నడుమ 55 నుంచి 65 డిగ్రీల సెల్సియస్ దాకా పోతుంది, కలుపు గింజలు, రోగకారక క్రిములు చాలావరకు ఆ వేడికే చస్తాయి. వేడి తగ్గినప్పుడు తిరగేస్తే మళ్లీ ఎక్కుతుంది.

వాసన పోవాలని కొందరు సున్నం చల్లుతారు. పొయ్యి బూడిద కూడా తెచ్చి పెంట మీదే పోస్తారు. ఇది మాత్రం వద్దు. తేమలో అమ్మోనియం అయాన్‌గా కుదురుగా ఉన్న నత్రజని, పీహెచ్ తొమ్మిది దగ్గరికి చేరేకొద్దీ అమ్మోనియా వాయువుగా లేచిపోతుంది. సున్నం, బూడిద రెండూ పీహెచ్ పెంచేవే. వాటికి బదులు కుప్ప మీద చెరువు మట్టి పలచగా కప్పితే బంకమట్టి అమ్మోనియాను పట్టి ఉంచుతుంది. మిషన్ కాకతీయలో పూడిక తీసినప్పుడు చేలకు తోలుకున్నది ఆ మట్టే.

గొల్లకురుమల పద్ధతి ఇంకా సులువు. పంట లేని చేలో రాత్రి గొర్ల మంద పెట్టిస్తే పెంటికలు, మూత్రం నేరుగా మట్టిలోకే పోతాయి. కుప్ప లేదు, ట్రాక్టర్ కిరాయి లేదు. ఆలస్యం చెయ్యకుండా దున్నితే చాలు. ఇన్ని కంపోస్టు పద్ధతులు చదివాక నాకు నచ్చింది మాత్రం ఇదే.

జనగామ జిల్లా లింగాలఘన్‌పూర్ మండలంలో ఏనెబావి అనే చిన్న ఊరుంది, యాభై చిల్లర కుటుంబాలు. ముందు పురుగుమందులు, తర్వాత రసాయన ఎరువులు మానేసి 2006 నాటికి ఊరంతా సేంద్రియానికి మారింది. జనగామలోని క్రాప్స్ సంస్థ, హైదరాబాద్‌లోని సుస్థిర వ్యవసాయ కేంద్రం తోడు నిలిచాయి. పశువుల ఎరువు, చెరువు మట్టి, జీవామృతంతో నెట్టుకొచ్చారు. దీన్ని వేరే ఊరికి ఎత్తుకుపోవాలంటే మొదట అడగాల్సింది ఆ ఊళ్లో పశువులు ఎన్ని మిగిలాయని. ట్రాక్టర్లు వచ్చాక కాడెద్దులు పోయాయి. పెండే లేని ఇంటికి కంపోస్టు గురించి చెప్పి ఏం లాభం?

అలాంటి చోట ఊరి తడి చెత్తే దిక్కు. 2019లో మొదలైన పల్లె ప్రగతిలో పంచాయతీలకు ట్రాక్టర్లు, డంపింగ్ యార్డులు, కంపోస్టు షెడ్లు వచ్చాయి. షెడ్డు ఒక్కసారి కడితే అయిపోతుంది, తడి చెత్త వేరుచేసి కలపడం మాత్రం రోజూ ఉండే పని. షాంపూ ప్యాకెట్లు కలిసిన ఎరువును ఏ రైతూ చేలోకి రానివ్వడు.

ఎరువు మాగిందో లేదో తెలుసుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు. కాస్త తడిగా ఉన్న ఎరువు ఒక పిడికెడు పాలిథిన్ కవర్లో వేసి, గాలి పోకుండా మూతి కట్టి, నీడలో మూడు నాలుగు రోజులు ఉంచండి. విప్పగానే ఘాటో కంపో కొడితే ఇంకా మాగలేదు, కుప్పను మళ్లీ తిరగెయ్యాలి. తొలకరి వాన పడ్డప్పటి మట్టి వాసన వస్తే అది జియోస్మిన్, మట్టిలోని యాక్టినోమైసిటీస్ అనే సూక్ష్మజీవులు తయారుచేసేది. ఆ వాసన వచ్చాక ట్రాక్టర్ మాట్లాడుకోవచ్చు.