బెంగళూరు ఉద్యోగం.. ఎల్లారెడ్డిలో ఇల్లు.. మరి ట్యాక్స్ ఏ రాష్ట్రానికి?

కామారెడ్డి: దసరాకు ఊరికొచ్చి, వర్క్ ఫ్రమ్ హోమ్ అంటూ అక్కడే ఉండిపోయిన వాళ్లు కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు కనిపిస్తూనే ఉంటారు. జీతమేమో బెంగళూరు కంపెనీది. రిటర్న్ వేసే టైమ్ రాగానే డౌట్ మొదలవుతుంది. ట్యాక్స్ కర్ణాటకకా, తెలంగాణకా?

రెండింటికీ కాదు. మన దగ్గర జీతం మీద ఇన్‌కమ్ ట్యాక్స్ కేంద్రానిదే. ఎక్కడ కూర్చుని పనిచేసినా ఒకటే రిటర్న్. అసలు ఈ కన్ఫ్యూజన్ ఎక్కువగా అమెరికాలో ఉన్న అన్నల, బావల ముచ్చట్ల నుంచే వస్తుంది. అక్కడ చాలా రాష్ట్రాలకు సొంత ఇన్‌కమ్ ట్యాక్స్ ఉంది. న్యూజెర్సీ నుంచి ఏడాది మధ్యలో టెక్సాస్‌కు మారినా, న్యూజెర్సీలో ఉన్న నెలలకు ఆ రాష్ట్రానికి విడిగా రిటర్న్ వేయాల్సిందే. టెక్సాస్‌లో మాత్రం ఆ పన్నే లేదు.

మన దగ్గర రాష్ట్రం జీతంలో కోసేది ప్రొఫెషనల్ ట్యాక్స్ ఒక్కటే. రాజ్యాంగం ప్రకారం అది ఏడాదికి 2,500 రూపాయలు దాటకూడదు. తెలంగాణలో జీతం 20 వేలు దాటితే నెలకు 200, అంటే ఏడాదికి 2,400. కర్ణాటకలో 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి 2,500. తేడా వంద రూపాయలే! పేస్లిప్‌లో ఏ రాష్ట్రం పేరుతో కట్ అవుతుందో హెచ్‌ఆర్‌ను అడిగితే సరిపోతుంది.

అసలు చిక్కు హెచ్‌ఆర్‌ఏ దగ్గరుంది. ఓ ఉద్యోగి బేసిక్ 40 వేలు, హెచ్‌ఆర్‌ఏ 16 వేలు, బెంగళూరులో అద్దె 18 వేలు అనుకుందాం. పాత విధానంలో నెలకు 14 వేలు మినహాయింపు వస్తుంది (అద్దెలోంచి బేసిక్‌లో 10 శాతం తీసేయాలి). 2025 అక్టోబర్‌లో రూమ్ ఖాళీ చేసి ఎల్లారెడ్డి వచ్చేస్తే, మినహాయింపు ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ వరకే. 84 వేలు. పాత రసీదులతో 12 నెలలకూ చూపిస్తే ఇంకో 84 వేలు తప్పుడు క్లెయిమ్ అవుతుంది. 20 శాతం స్లాబ్‌లో సెస్‌తో కలిపి ఎగ్గొట్టిన పన్ను 17,472 రూపాయలు. దొరికితే పన్ను, వడ్డీతో పాటు ఆ పన్నుకు రెండింతలు పెనాల్టీ పడొచ్చు. 'అందరూ పెడుతున్నరు కదా' అన్నది నోటీసుకు జవాబు కాదు.

ఫామ్-16లో కంపెనీ ఏడాది మొత్తానికి మినహాయింపు ఇచ్చేసినా, రిటర్న్‌లో తగ్గించి చూపించి తేడా పన్ను కట్టేయొచ్చు.

ఇల్లు నాన్న పేరు మీద ఉంటే? నెలనెలా ఆయన ఖాతాకు నిజంగా అద్దె పంపితే క్లెయిమ్ చేసుకోవచ్చు. అయితే అది నాన్న ఆదాయం కింద లెక్కకొస్తుంది. ఏడాది అద్దె లక్ష దాటితే ఆయన పాన్ కూడా కంపెనీకి ఇవ్వాలి. ఇల్లు సొంత పేరు మీదే ఉంటే మినహాయింపు లేదు.

కొత్త విధానంలో ఉన్నవాళ్లకు ఈ గొడవే లేదు, అందులో హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు ఉండదు. 2025-26కి జీతం 12.75 లక్షల వరకు పన్ను కూడా పడదు.

ఇంకోటి.. ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో అడ్రస్, ఫోన్ నంబర్ మార్చుకోవాలి. లేదంటే నోటీసు ఖాళీ చేసిన రూమ్‌కే పోవచ్చు. రిటర్న్ వేశాక 30 రోజుల్లో ఆధార్ ఓటీపీతో ఈ-వెరిఫై చేయాలి.