ఎడ్మంటన్ ముసలమ్మ

జల్లెడనే పడవ చేసుకుని సముద్రం మీదికి పోతానంటుంది షేక్‌స్పియర్ ‘మాక్బెత్’లో ఒక మంత్రగత్తె. ఆ నాటకానికి సుమారు పదిహేనేళ్ల ముందే స్కాట్లాండ్‌లో ఇదే మాట నిజమైన విచారణలో వినిపించింది.

1590లో స్కాట్లాండ్ రాజు ఆరో జేమ్స్, కొత్త పెళ్లికూతురు ఆన్‌తో కలిసి డెన్మార్క్ నుంచి ఓడలో తిరిగొచ్చాడు. దారిలో ఎదురైన తుపానులు మంత్రగత్తెల పనేనని నమ్మాడు. రోగాలు నయంచేస్తూ, పురుళ్లు పోస్తూ బతికే ఆగ్నెస్ శాంప్సన్‌ను పట్టుకున్నారు. రాజే దగ్గరుండి ప్రశ్నించాడు. తలకు తాడు బిగించి హింసిస్తే ఆమె అన్నీ ఒప్పుకుంది, జల్లెడల్లో సముద్రయానంతో సహా. 1591లో ఆమెను చంపేశారు. 1597లో జేమ్స్ భూతవిద్య మీద ఏకంగా పుస్తకమే రాశాడు. 1603లో ఇంగ్లండ్ సింహాసనమూ ఎక్కాడు. మరుసటి ఏడాదే మంత్రగత్తెల మీద చట్టం మరింత కఠినమైంది.

‘మాక్బెత్’ వచ్చింది ఆ రాజు కాలంలోనే, 1606 ప్రాంతంలో. కథకు ఆధారమైన హోలిన్‌షెడ్ చరిత్రలో, నాటకంలో మంత్రగత్తెలైన ముగ్గురు స్త్రీలు విధిదేవతలో వనదేవతలో అన్నట్టు కనిపిస్తారు. షేక్‌స్పియర్ వాళ్లకు ముడతలు పడ్డ చర్మం, గడ్డాలు పెట్టాడు. అయినా వాళ్లు మాక్బెత్‌కు రాజయోగం ఉందంటారే గానీ, రాజును చంపమని ఒక్కసారీ అనరు. ఆ ఆలోచన మాక్బెత్ మనసులోదే. నాటకం గొప్పతనమంతా అక్కడుంది.

అయితే, మంత్రగత్తె ఎలా తయారవుతుందో చూపించే ధైర్యం మరో నాటకం చేసింది. 1621 ఏప్రిల్‌లో లండన్ దగ్గరి ఎడ్మంటన్‌కు చెందిన ఎలిజబెత్ సాయర్‌ను ఉరితీశారు. అదే ఏడాది రౌలీ, డెక్కర్, ఫోర్డ్ కలిసి ఆమె కథను ‘ఎడ్మంటన్ మంత్రగత్తె’గా రంగస్థలం ఎక్కించారు. అందులో సాయర్ నడుం వంగిన, నిరుపేద, ఒంటరి ముసలమ్మ. పొయ్యిలోకి నాలుగు పుల్లలు ఏరుకుంటుంటే భూమి ఆసామి కొడతాడు. ఊరంతా మంత్రగత్తె అని తిడుతుంది. ఎలాగూ ఆ పేరు పడింది కదా, నిజంగానే అయితే పోలా అనుకుంటుంది. అప్పుడే దెయ్యం నల్లకుక్క రూపంలో వస్తుంది. ఆమెను దయగా పలకరించే ప్రాణి అదొక్కటే కావడం ఈ నాటకంలో గుండెను పిండే విషయం.

ఊరివాళ్లు ఆమె గుడిసె కప్పు నుంచి గడ్డి పీకి తగలబెడతారు. మంత్రగత్తె అయితే పరుగెత్తుకొస్తుందట! సొంత ఇంటి గడ్డి కాలుతుంటే పరుగెత్తుకు రానిదెవరు? వచ్చింది. అదే సాక్ష్యమైపోయింది.

నాటక రచయితలు కూడా దెయ్యం ఉందనే నమ్మించారు, సాయర్‌ను నిర్దోషిగా వదిలిపెట్టలేదు. కానీ ఆమె నోట ఊరి క్రూరత్వాన్ని నిలదీయించారు. ఆమెను ఉరికంబం ఎక్కించిన 1604 నాటి చట్టం 1736లో గానీ రద్దు కాలేదు.