వెనుదిరిగినవాళ్ల మాట కూడా

2018 మే నెలలో మన చంద్రపూర్ జిల్లా గిరిజన ఆశ్రమశాలల విద్యార్థులు పదిమంది ఎవరెస్టు యాత్రకు వెళ్లారు. ‘మిషన్ శౌర్య’ పేరుతో ప్రభుత్వం చేపట్టిన కార్యక్రమం అది. హైదరాబాద్, డార్జిలింగ్, లద్దాఖ్‌లలో శిక్షణ ఇచ్చారు. వారిలో ఐదుగురు శిఖరం చేరారు. తరగతిలో ఆ కథ చెప్పినప్పుడు మేము పదిమందినీ కలిపే చెబుతాం. అంత ఎత్తులో ఇక చాలని వెనుదిరగడానికీ గుండె ధైర్యం కావాలి. పిల్లలు మాత్రం ముందుగా అడిగేది ఒక్కటే: “ఎక్కనివాళ్లను ఇంట్లో తిట్టారా సార్?”

ఆ ప్రశ్న ఊరికే రాదు. తాలూకా కబడ్డీ, ఖోఖో పోటీల నుంచి ఓడి వచ్చిన పిల్లవాడికి గుమ్మంలోనే “గెలిచావా?” అన్న ప్రశ్న ఎదురవుతుంది. పైగా మన రాష్ట్రంలో పదో తరగతికి ఆటల గ్రేస్ మార్కులున్నాయి కదా, ఆట కూడా ఒక పరీక్షే అయిపోయింది. మార్కులు మంచివే. కానీ పోటీ ముందు రాత్రి అన్నం దగ్గర వాటి లెక్క తీయడం మంచిది కాదు. భయంతో నిద్రపోని పిల్లకు తెల్లారి కాళ్లు కదలవు. ఊపిరి నెమ్మదిగా వదలమనడం, మొదటి రెయిడ్ ఒక్కటే ఆలోచించమనడం, ఈ పాటి సాయం మైదానం పక్కన మేమూ చేయగలం.

మన సింధు సంగతే చూడండి. 2017, 2018 ప్రపంచ బ్యాడ్మింటన్ పోటీల్లో వరుసగా ఫైనల్లో ఓడింది. ఫైనల్ అంటే భయమని ఎందరో అన్నారు. 2019లో బాసెల్‌లో ఒకుహరాను 21-7, 21-7తో ఓడించి స్వర్ణం తెచ్చుకుంది. ఇక 2008 బీజింగ్‌లో స్వర్ణం గెలిచిన అభినవ్ బింద్రా, ఆ గెలుపు తర్వాత తనను పట్టుకున్న శూన్యం గురించి బాహాటంగానే చెప్పాడు. అంటే గెలిచిన పిల్లవాడినీ ఓ కంట కనిపెట్టాలి.

ఆకలి తగ్గినా, ఇష్టమైన ఆటకే సాకులు చెబుతున్నా, మాటామంతీ మానేసినా బద్ధకమని కొట్టిపారేయకండి. కేంద్ర ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. అక్కడ మరాఠీతో పాటు తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఏడుపు వచ్చేటప్పుడు ఇంటి భాషే కదా నోట వచ్చేది! మా బడిలో ఆ నంబరు స్టాఫ్ రూమ్ తలుపు వెనక ఉంది. పిల్లలకు కనబడేలా నీళ్ల కుళాయి దగ్గర గోడ మీద రాయిద్దామని పీటీ సార్ అంటున్నారు.