భుజం మీంచి నడుముకు దిగిన బరువు

1855 మార్చిలో రోజర్ ఫెంటన్ క్రిమియా యుద్ధరంగంలో అడుగుపెట్టినప్పుడు అతని వెంట ఉన్నది కెమెరా సంచి కాదు, గుర్రపు బండి. ఒక వైన్ వ్యాపారి దగ్గర కొని, దాన్ని చీకటిగదిగా మార్పించుకున్నాడు. దాంతోపాటు 36 పెట్టెల సామాను, 700 గాజు పలకలు. లేత రంగు బండి కావడంతో దూరం నుంచే కొట్టొచ్చినట్టు కనబడి శత్రువుల గుళ్లకు గురయ్యేది. ఇంత సరంజామా ఎందుకంటే, ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ 1851లో ప్రకటించిన తడి కొలోడియన్ పద్ధతిలో పలకకు పూసిన పూత ఆరేలోపే ఫొటో తీసి, కడిగేయాలి. ఉన్న వ్యవధి కొద్ది నిమిషాలే. కాబట్టి ఫొటోగ్రాఫర్ ఎక్కడికి వెళితే చీకటిగదీ అక్కడికి రావాల్సిందే.

బండి వెళ్లలేని చోటికి మనుషులు మోశారు. సిమ్లాలో స్టూడియో పెట్టిన శామ్యూల్ బోర్న్ 1863లో మొదటిసారి హిమాలయాల్లోకి వెళ్లినప్పుడు సుమారు 30 మంది కూలీలు వెంట నడిచారు. మరుసటి ఏడాది కశ్మీర్ యాత్రకు 42 మంది. 1866లో 18,600 అడుగుల ఎత్తున ఉన్న మనిరంగ్ కనుమ దగ్గర అతను తీసిన ఫొటోలను ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. ఆ ఫొటోలకు బోర్న్ పేరే ఉంటుంది. గుడారం, రసాయనాల సీసాలు, గాజు పలకల పెట్టెలు మంచులో జారకుండా వీపున మోసి పైకి చేర్చినవాళ్లూ ఆ ఫొటోలకు కర్తలేనని నేననుకుంటాను.

1871లో రిచర్డ్ మాడాక్స్ జెలటిన్ పొడి పలక గురించి ప్రకటించాక, కొన్నేళ్లకు చీకటిగదిని వెంట తిప్పే బాధ తప్పింది. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా పేరుపొందిన రాజా దీన్‌దయాళ్ తడి పలకల కాలం నుంచి పొడి పలకల కాలంలోకి నడిచిన తరం వాడే. గాజు బరువు మాత్రం అలాగే ఉండిపోయింది. అమెరికాలో జార్జ్ ఈస్ట్‌మన్ 1877లో ఒక విహారయాత్ర కోసం కెమెరా సామాను కొని, అది గుర్రం మోసేంత ఉందని విసుగెత్తి అసలు ఆ యాత్రే మానుకున్నాడు. ఆ విసుగే 1888లో కొడాక్ పెట్టె కెమెరా అయింది. ధర 25 డాలర్లు, లోపల 100 ఫొటోలకు సరిపడా ఫిల్ము చుట్ట. జర్మనీలో ఆస్కార్ బార్నాక్‌ది ఇంకా సూటి కారణం: ఉబ్బసం. బరువైన కెమెరా మోస్తే ఆయాసం వచ్చేది. సినిమా ఫిల్ము వాడే అరచేతి కెమెరా నమూనాను 1914 నాటికి తయారుచేసుకున్నాడు. అదే 1925లో లైకాగా బజారుకొచ్చింది.

ఇక బరువు సమస్య తీరిపోవాలి కదా! తీరలేదు. కెమెరా చిన్నదయ్యేసరికి ఒకటికి రెండు మోయడం మొదలైంది. లెన్సులు మార్చుకునే వీలు రాగానే మూడు నాలుగు లెన్సులు చేరాయి. ఈనాటి పెళ్లి ఫొటోగ్రాఫర్‌నే చూడండి. ఎఫ్ 2.8 జూమ్ లెన్సు, 70-200 ది, ఒక్కటే కిలో నుంచి కిలోన్నర దాకా తూగుతుంది. రెండు బాడీలు, రెండు లెన్సులు, ఫ్లాష్‌లు కలిపి దగ్గర దగ్గర అయిదు కిలోలు. మంగళస్నానాల నుంచి అప్పగింతల దాకా అవి ఒంటి మీదే ఉంటాయి.

అయిదు కిలోలు పెద్ద బరువేం కాదు. అది ఎక్కడ వేలాడుతోందన్నదే అసలు విషయం. మెడకు తగిలించిన కెమెరా వెన్నెముకకు జానెడు ముందుంటుంది. ఆ బరువు ముందుకు లాగుతుంటే మెడ వెనక కండరాలు పూటంతా బిగుసుకునే ఉండాలి. ఒక భుజానికే సంచి వేసుకుంటే ఒళ్లు రెండో వైపుకు ఒరుగుతుంది, నడుము ఒకవైపే పట్టేస్తుంది. సన్నటి పట్టీ అయితే ఇంకో ప్రమాదం. మెడ నుంచి చేతిలోకి దిగే నరాల కట్ట జత్రుక కిందుగా వెళుతుంది. దాన్ని గంటల తరబడి నొక్కితే వేళ్లు తిమ్మిరెక్కుతాయి. షట్టర్ నొక్కాల్సిన వేళ్లే అవి.

మొదటి జవాబు ఫొటోగ్రఫీ వైపు నుంచి రాలేదు, కొండలెక్కేవాళ్ల దగ్గరి నుంచి వచ్చింది. కాలిఫోర్నియాలో డిక్ కెల్టీ, అతని మిత్రుడు ఒకసారి కొండదారిలో వీపు సంచుల చట్రం కొసలను ప్యాంటు వెనక జేబుల్లో దోపుకున్నారు. భుజాలు ఒక్కసారిగా తేలికపడ్డాయి. బరువు చట్రం గుండా తుంటికి దిగిందన్నమాట. కెల్టీ 1952లో నడుము పట్టీ ఉన్న సంచుల వ్యాపారం పెట్టాడు. భార్య సంచులు కుడితే తను అల్యూమినియం గొట్టాలు వంచేవాడు. 1967లో గ్రెగ్ లోవ్ ఆ చట్రాన్ని సంచి లోపలికి తెచ్చాడు. తర్వాత లోవ్‌ప్రో కెమెరా సంచులకు ఆద్యుడూ అతనే.

ఇంచుమించు అదే కాలంలో ఫిలడెల్ఫియాలో ఇద్దరు ఈ సమస్యను చెరో వైపు నుంచి పట్టుకున్నారు. ఫిలడెల్ఫియా ఇంక్వైరర్ పత్రిక ఫొటోగ్రాఫర్ జిమ్ డోంకీకి గట్టి పెట్టెలు పనికిరాలేదు. పరుగెత్తితే తుంటికి కొట్టుకుంటాయి, మూత తీసేలోపు దృశ్యం చేజారుతుంది. 1970లలో అతను కుట్టించిన కాన్వాస్ సంచి చుట్టూ దాదాపు దిండ్లే ఉండవు. మెత్తగా ఒంటికి ఆనుకుని నడుము వంపును పట్టుకుంటుంది. భుజం పట్టీ సంచి అడుగు నుంచి చుట్టి వస్తుంది కాబట్టి బరువంతా పట్టీ మీదే ఉంటుంది, కుట్ల మీద పడదు. పట్టీ నేతలో రబ్బరు పోగులుండటంతో భుజం మీంచి జారదు. చేతికందే తీరు కూడా సౌఖ్యంలో భాగమేనని చెప్పిన సంచి అది.

రెండోవాడు గారెట్ బ్రౌన్. సినిమా కెమెరా బరువును తొడుగు చొక్కా, స్ప్రింగుల చెయ్యి ద్వారా నడుముకు దించి, అడుగుల కుదుపు కెమెరాకు అందకుండా చేశాడు. ఆ నగరపు ఆర్ట్ మ్యూజియం మెట్ల మీద స్నేహితురాలిని పరుగెత్తించి తీసిన నమూనా చూసి దర్శకుడు జాన్ ఆవిల్డ్‌సన్ ఆశ్చర్యపోయాడు. 1976లో వచ్చిన ‘రాకీ’లో ఆ మెట్ల దృశ్యం అలా పుట్టింది. స్టెడీక్యామ్ అంటే అదే.

ఇప్పుడు ఎంపిక సంగతి. పెళ్లి, ఊరేగింపు లాంటి చోట రెండు భుజాల మీంచి దిగే తోలు పట్టీలు మేలు. చెరో తుంటి పక్కన ఒక్కో కెమెరా, కావడిలా సరితూగుతుంది. వీధుల్లో తిరిగి ఫొటోలు తీసేవాళ్లకు ఒక బాడీ, ఒక లెన్సు, అడ్డంగా వేసుకున్న పట్టీ చాలు. అంతకు మించి మోస్తే కాళ్ల కంటే ముందు కళ్లు అలసిపోతాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో పీటర్ డేరింగ్ 2011లో తెచ్చిన క్లిప్పు కెమెరాను సంచి భుజం పట్టీకే బిగిస్తుంది. ట్రెక్కింగులో హాయి. బరువైన లెన్సుకు మాత్రం వద్దనే అంటాను, పట్టీ ఒకవైపు దిగజారుతుంది. నేలపట్టులో, కొల్లేట్లో పక్షుల కోసం పొడవాటి లెన్సుతో నడిచేవాళ్లకు నడుము పట్టీ ఉన్న వీపు సంచికి సాటి లేదు.

దాన్ని తొడిగే పద్ధతి మాత్రం చాలామంది తిరగేస్తారు. ముందు భుజం పట్టీలు వదులు చేయాలి. నడుము పట్టీని పొట్ట మీద కాక, తుంటి ఎముక పై అంచు మీద కూర్చోబెట్టి బిగించాలి. ఆ తర్వాతే భుజం పట్టీలు, అవీ ఒంటికి తాకేంత వరకే. లోపల బరువైన లెన్సు వీపుకు ఆనుకుని, మధ్య ఎత్తులో ఉండాలి. దుకాణంలో ఖాళీ సంచి తగిలించుకుని చూస్తే ఇదేమీ తెలియదు. మీ కెమెరా, లెన్సులు తీసుకెళ్లి అందులో సర్దుకోండి, కాసేపు మెట్లెక్కి దిగండి, వంగి లెన్సు మార్చి చూడండి, ఆపైన బేరమాడండి.